పాఠకుల ప్రశ్నలు: సింకు కింద బకెట్టు

ప్రశ్న: ‘ది గ్రేట్ ఇండియన్ కిచెన్’ మలయాళం సినిమా చూశాం. మావగారు కేకలెయ్యరు, అత్తగారు చల్లని మనిషి. మరి తగువెక్కడుంది? (రాయగడ)

జవాబు: తగువంతా చాకిరీలోనే ఉంది. జియో బేబీ తీసిన ఈ సినిమా 2021 జనవరి 15న విడుదలైంది. అత్తగారు గర్భిణి అయిన కూతురి దగ్గరికి వెళ్లాక ఇద్దరి పనీ కొత్తకోడలు (నిమిషా సజయన్) ఒక్కదాని మీద పడుతుంది. ఇక మావగారి కోరికలు చూడండి. పచ్చడి మిక్సీలో వద్దు, రాతి మీద నూరాలి. అన్నం కుక్కర్లో వద్దు, కట్టెలపొయ్యి మీద వండాలి. బట్టలు మెషీన్లో వద్దు, చేత్తో ఉతకాలి. అన్నీ మెత్తగానే అడుగుతారు, అందుకే కాదనడానికి ఆమెకు నోరు రాదు. మిక్సీలో రెండు నిమిషాల్లో అయ్యే పచ్చడికి సన్నికల్లు మీద పావుగంటైనా పడుతుంది, కడుగుడు వేరే. నేపథ్య సంగీతం దాదాపు లేకుండా కోత, నూరుడు, తోముడు చప్పుళ్లే వినిపించారు. ఆ అలసట మన చెవికీ ఎక్కాలి. రుచి మీద అంత మక్కువ ఉన్నవారు తామే కూర్చుని నూరుకోవచ్చు కదా!

ప్రశ్న: అందులోలాగే మా సింకు కిందా నీళ్లు కారుతున్నాయి. బకెట్టు పెట్టి ఏడాదైంది. (గుణుపురం)

జవాబు: సినిమాలో భర్త ఒక్క ప్లంబరును పిలవకపోవడం వల్లే కథ అంతదూరం వెళ్లింది. చివర ఆమె భర్త, మావగారి మీద విసిరేది ఆ మురికినీళ్లే. మీరు ఇవాళే చూడండి. పైపంతా పొడిగుడ్డతో తుడిచి, సింకు నిండా నీళ్లు పట్టి ఒక్కసారి వదలండి. సన్నధారకు లీకు బయటపడదు. సింకు అడుగున స్టీలు కప్లింగు దగ్గర తడి కనిపిస్తే రబ్బరు వాషరు గట్టిపడి ఉండొచ్చు. కింది నట్టు దగ్గరైతే వాషరు పక్కకు జరిగుంటుంది, లేదా నట్టు వంకరగా ఎక్కుంటుంది. పాత వాషరు దుకాణానికి పట్టుకెళ్లి అదే సైజు తెచ్చుకోండి. ప్లాస్టిక్ నట్టు చేత్తో బిగించి, ఆపైన పానాతో పావు చుట్టు తిప్పితే చాలు, ఇంకా బిగిస్తే పగులుతుంది. అక్కడ టెఫ్లాన్ టేపు చుట్టి లాభం లేదు, నీళ్లాపేది వాషరే. మరిగే గంజి సింకులో వంచకండి, పైపు మెత్తబడి జాయింట్లు వదులవుతాయి.

ప్రశ్న: మెట్టినిల్లు పలాస, ఇల్లు మావగారి పేరున ఉంది. గెంటేస్తే పర్లాకిమిడిలో పుట్టింటికొచ్చాను. కేసు అక్కడికే వెళ్లి వేయాలా? (పర్లాకిమిడి)

జవాబు: అక్కర్లేదమ్మా. 2005 గృహహింస చట్టం 27వ సెక్షన్ ప్రకారం మీరు తాత్కాలికంగా ఉంటున్న చోటి మేజిస్ట్రేటు కోర్టులోనే దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ ఉత్తర్వు ఒడిశాలో ఇచ్చినా దేశమంతటా చెల్లుతుంది, ఆంధ్రాలోని పలాసలోనూ. భర్తతో కాపురమున్న ఇల్లు మావగారి పేరున ఉన్నా అందులో ఉండే హక్కు కోరవచ్చని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆదాయం ఎంతున్నా ఆడవాళ్లకు న్యాయ సహాయం ఉచితం, దరఖాస్తు రాయించడమూ అందులోదే. 15100కి ఫోన్ చేయండి. చేయి చేసుకుంటే మహిళల హెల్ప్‌లైన్ 181.