క్లౌన్ చేప రంగు వెలిసిపోతోంది, ఏం తినిపించాలి?

మీ క్లౌన్ చేపల నారింజ రంగు వెలిసిందని, యెల్లో టాంగ్ పాలిపోయిందని, రెండేళ్లుగా ఒకే ఫ్లేక్స్ (రేకుల్లాంటి ఎండు మేత) వేస్తున్నానని రాశారు. నీళ్ల టెస్టులన్నీ బాగున్నాయంటే నా మొదటి అనుమానం ఆ డబ్బా మీదే.

నేను ఉండేది చెన్నైలో. మొదట్లో నేనూ కొళత్తూరులో చేపలతో పాటు పెద్ద డబ్బా ఫ్లేక్స్ కొని, ఏడాది పాటు వంటింటి అరలో ఉంచి అదే వేశాను. మూత తీశాక ఈ ఉక్కలో విటమిన్లు ఎక్కువ రోజులు నిలవవు. ఒకరోజు పొద్దున లైటు వేసేసరికి మా టాంగ్ కళ్ల చుట్టూ, ఒంటి పక్కన పొడుగునా ఉండే గీత వెంబడి చిన్న చిన్న గుంటలు! గుండె జారిపోయింది.

టాంగ్ సముద్రంలో రోజంతా రాళ్ల మీది నాచు కొరుక్కుతినే చేప. అందుకని ఉప్పు, నూనె, మసాలా ఏవీ లేని నోరి (ఎండబెట్టిన సముద్రపు నాచు) షీటు తెచ్చి, అరచేతిలో సగమంత ముక్కను క్లిప్పుతో గాజుకి తగిలించాను. రెండు రోజులు చుట్టూ తిరిగిందే గానీ ముట్టలేదు. మూడో రోజు అంచు పట్టి ఒక్క లాగు లాగింది. సాయంత్రానికి క్లిప్పు ఖాళీ. గుంటలు పూడటానికి మాత్రం నెలలు పట్టింది.

ఇక క్లౌన్ సంగతి. ఆ నారింజకి కావలసిన కెరోటినాయిడ్లనే రంగు పదార్థాలను చేప ఒంట్లో తయారుచేసుకోలేదు, తిండిలోంచే రావాలి. రొయ్యను ఉడికిస్తే ఎర్రబడుతుంది కదా, ఆ ఎరుపే ఆస్టాజాంతిన్ అనే కెరోటినాయిడ్. అందుకే ఫ్రోజెన్ మైసిస్ అనే చిట్టి రొయ్యలు పెట్టండి. నెల్లూరు వైపు హేచరీలు చూసినవాళ్లకి ఆర్టీమియా, అంటే రొయ్య పిల్లలకు మేతగా వేసే చిన్న ఉప్పునీటి జీవి, తెలిసే ఉంటుంది. అప్పుడే పొదిగిన పిల్లల్లో పోషకాలు బాగుంటాయి, పెద్దవి మాత్రం ఎన్‌రిచ్ చేసినవైతేనే (పోషకాలు పట్టించినవైతేనే) రోజూ వాడండి. మార్కెట్ నుంచి తెచ్చిన పచ్చి రొయ్యలే రోజూ వేయకండి, కొన్నింటిలో బీ1 విటమిన్‌ను పాడుచేసే ఎంజైమ్ ఉంటుంది.

ఫ్రోజెన్ ముక్కను గ్లాసుడు ట్యాంకు నీళ్లలో కరిగించి, టీ వడగట్టుతో వడకట్టి వేస్తాను. ఆ నీళ్లు ట్యాంకులో పోస్తే ఫాస్ఫేట్ పెరుగుతుంది. రోజుకి రెండుసార్లు, రెండు నిమిషాల్లో తినేసేంతే. మధ్యలో మంచి పెల్లెట్లు వేస్తాను, చిన్న డబ్బా కొని ఫ్రిజ్‌లో పెడతాను.

మీ టాంగ్ క్లిప్పుకి భయపడితే నోరిని చిన్న రాయికి రబ్బరు బ్యాండుతో చుట్టి అడుగున పెట్టి చూడండి. రాయి మీద నాచులా కనబడితే తొందరగా దగ్గరికొస్తుంది.