పాల్‌వరల్డ్‌లో బేస్ మాటిమాటికీ ఆగిపోతోంది, నాకు రోజుకు గంటే టైం. ఎలా ఆడాలి?

మీరు అడిగినవి మూడు. ఆఫీసు నుంచి వచ్చాక గంట మాత్రమే ఆడగలుగుతున్నారు, ఆ గంట కాస్తా బేస్‌లో (ఆటలో మీరు కట్టుకునే స్థావరంలో) పాల్స్, అంటే మీరు పట్టి పనిలో పెట్టిన జంతువులు, ఎందుకు పని మానేశాయో వెతకడానికే పోతోంది. 8 జీబీ ర్యామ్ ఉన్న లాప్‌టాప్‌లో ఆట తడబడుతోంది. తొమ్మిదో తరగతి చదువుతున్న మీ తమ్ముడు తానూ ఆడతానంటున్నాడు, ఆడనివ్వచ్చా అని. నేను హైదరాబాద్ సైనిక్‌పురిలో ఉంటాను, మా అక్క కొడుకు కూకట్‌పల్లిలో ఉంటాడు. ఇంటర్ చదువుతున్నాడు. ఇద్దరం కలిసి ఆడే ఆట ఇదే కాబట్టి మాకు తెలిసింది చెప్తాను.

పాల్‌వరల్డ్‌ని జంతువుల్ని పట్టే ఆటగా చూసినంత కాలం బేస్ మిమ్మల్ని ఏడిపిస్తూనే ఉంటుంది. పట్టినదాన్ని ఏ పనిలో పెట్టాం, అది ఏం తింటోంది, ఎక్కడ పడుకుంటోంది, పని దగ్గరికి నడిచి వెళ్ళే దారి ఉందా అన్నదే అసలు ఆట. అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కి సెక్రటరీగా ఎన్నికైనట్టు ఉంటుంది. ఎప్పుడూ ఎవరికో ఒకరికి నీళ్ళు రావు, ఎవరో ఒకరు మెట్లకి అడ్డంగా సామాను పెడతారు.

మావాడు మొదట్లో ముద్దుగా కనిపించిన ప్రతిదాన్నీ పట్టుకొచ్చి బేస్‌లో వదిలేవాడు. "మామయ్యా, ఇది చూడు ఎంత క్యూట్‌గా ఉందో" అంటాడు. క్యూట్ సరే, అది చేసే పనేంటి? ప్రతి పాల్ వివరాల్లో చిన్న చిన్న గుర్తులు ఉంటాయి. నిప్పు రాజేయడం, నీళ్ళు పోయడం, విత్తనం వేయడం, చేతిపని, చెట్లు కొట్టడం, రాళ్ళు తవ్వడం, మోసుకెళ్ళడం వగైరా. పక్కనే అంకె కూడా ఉంటుంది. అంకె పెద్దదైతే ఆ పనిలో అంత చురుకు. బేస్‌లో పెట్టేటప్పుడు మొహం చూడొద్దు, ఆ గుర్తులు చూడండి.

తొలి రోజుల్లో అవసరమయ్యే పాల్స్ అన్నీ మొదలుపెట్టిన చోటి చుట్టుపక్కలే దొరుకుతాయి. కాటివా చేతిపని చేస్తుంది, తవ్వుతుంది, కోస్తుంది, మోస్తుంది. లిఫ్‌మంక్ విత్తనం వేస్తుంది, పండితే కోస్తుంది, చెట్లు కూడా కొడుతుంది. పెంగులెట్ నీళ్ళు పోస్తుంది. ఫాక్స్‌పార్క్స్‌కి వచ్చిన పని ఒక్కటే, నిప్పు. కానీ అది లేకపోతే కొలిమి వెలగదు. లామ్‌బాల్‌ని రాంచ్‌లో వదిలితే ఊలు ఇస్తుంది, చికిపి గుడ్లు పెడుతుంది. వీటిలో లిఫ్‌మంక్, పెంగులెట్ ఉంటే బెర్రీ తోట తనంతట తాను నడుస్తుంది. తోట నడిస్తే తిండిపెట్టె నిండుతుంది. మీ బేస్ ఆగిపోవడానికి సగం కారణం ఇక్కడే ఉంటుందని నా అనుమానం. తోట ఉంటుంది, నీళ్ళు పోసేది ఉండదు. లేదా పండిన బెర్రీలు నేల మీదే పడి ఉంటాయి, పెట్టెలోకి మోసేది ఉండదు.

తిండి తర్వాత పడక. బేస్‌లో ఎన్ని పాల్స్ ఉంటే అన్ని పరుపులు ఉండాలి, పరుపు దగ్గరికి దారి ఉండాలి. ప్రతిదానికీ శాన్ అని, దాని మనసు ఎంత స్థిమితంగా ఉందో చూపే ఒక మీటర్ ఉంటుంది. ఆకలి, నిద్రలేమి, ఆగకుండా పని, వీటివల్ల అది పడిపోతూ వస్తుంది. బాగా పడిపోతే పని ఎగ్గొట్టడం, అతిగా తినడం, జబ్బుపడడం అన్నీ మొదలవుతాయి. వేడినీళ్ళ తొట్టి ఒకటి కట్టండి, చాలా తేడా ఉంటుంది. వట్టి బెర్రీల కంటే వండిన తిండి మేలు. ఇంకా తేరుకోకపోతే దాన్ని కాసేపు పాల్‌బాక్స్‌లోకి (పనిలో లేని పాల్స్‌ని దాచే పెట్టెలోకి) పంపి, వేరేదాన్ని దించండి. తర్వాత మానిటరింగ్ స్టాండ్ అని ఒకటి వస్తుంది. దాంతో పని వేగం పెంచొచ్చు. నేనైతే ముట్టుకోను. వేగం పెంచితే శాన్ తొందరగా కరుగుతుంది, ఆ గొడవ మళ్ళీ మన నెత్తినే పడుతుంది.

దారి సంగతి ఎవరూ పెద్దగా చెప్పరు కానీ, నా లెక్కలో ఇదే ముఖ్యం. కొండవాలు మీద, రాళ్ళ మధ్య అందమైన చోటు చూసుకుని కట్టిన బేస్‌లో పాల్స్ ఎక్కడో ఒకచోట ఇరుక్కుంటాయి. ఇరుక్కున్నది తిండి దాకా రాలేదు, పస్తులుంటుంది. మీరు చూసేసరికి నీరసపడి ఉంటుంది. చదునైన నేల వెతకండి. రెండంతస్తుల మేడలు ఆశపడొద్దు. పని బల్లల మధ్య మనిషి హాయిగా నడిచేంత కాదు, ఏనుగు తిరిగేంత ఖాళీ వదలండి. పెద్ద ఆకారం ఉన్నవి గుర్తులు ఎంత బాగున్నా ఇరుకు బేస్‌లో దండగ. చిన్నవి రెండు పెట్టుకోవడం నయం.

ఇంకో సంగతి, ఇనుప ఖనిజం బరువు. దూరం నుంచి మోసుకురావడం మొదలుపెడితే మీ గంట అయిపోయినట్టే. ఖనిజపు రాళ్ళు ఉన్న చదునైన చోట రెండో బేస్ వేసి డిగ్‌టాయిస్ అనే పాల్‌ని దింపండి. ఖనిజం తవ్వడంలో ఆ దశలో దానికి సాటి లేదు. మోసేదాన్ని ఒకటి తోడు పెట్టి, పెట్టె దగ్గర్లో ఉంచండి, చాలు. కొలిమి కూడా అక్కడే కడితే కడ్డీలుగా మార్చి తెచ్చుకోవచ్చు. రెండు ముడి ఖనిజాలకి ఒక కడ్డీ వస్తుంది.

రాత్రిపూట అందరూ పడుకుంటే పని ఆగిపోతుందని మీరు రాశారు. డేడ్రీమ్, డెప్రెస్సో లాంటి చీకటి రకం పాల్స్ రాత్రి పడుకోవు. మావాడు వాటిని నైట్ షిఫ్ట్ బ్యాచ్ అంటాడు. రెండు పెట్టుకోండి. అలాగే పట్టిన ప్రతిదానికీ కొన్ని స్వభావాలు రాసి ఉంటాయి, అవీ చదవండి. ఆర్టిజన్ అని ఉంటే పని వేగం సగానికి సగం ఎక్కువ. స్లాకర్ అని ఉంటే 30 శాతం తక్కువ. ఒకే రకం కాటివాల్లో ఒకటి చకచకా చేస్తూ ఇంకోటి నీలుగుతుంటే కారణం అదే. స్లాకర్‌ని పాల్‌బాక్స్‌లో పడుకోబెట్టి ఇంకో కాటివాని పట్టండి. నష్టమేమీ లేదు, ఒకే రకాన్ని మళ్ళీ పట్టినా మొదటి కొన్నింటి వరకు అదనపు అనుభవం పాయింట్లు వస్తాయి. లెవల్ పెరగడానికి ఇంతకంటే సులువైన దారి నాకు కనపడలేదు. పాల్స్‌ని పట్టడానికి విసిరే బంతి, స్పియర్‌కి కావలసింది ఒక పాల్డియం (ఆటలో దొరికే ఒక ఖనిజం) ముక్క, మూడు చెక్కలు, మూడు రాళ్ళు. వెనకనుంచి నక్కి విసిరితే దొరికే అవకాశం పెరుగుతుంది. మొదలుపెట్టిన చోటికి దగ్గర్లోనే పెద్ద ఏనుగులాంటి మామరెస్ట్ ఒకటి తిరుగుతుంటుంది, లెవల్ 38. దూరం నుంచి దండం పెట్టి వెళ్ళిపోండి.

ఇక మీ గంట సంగతి. మీ సొంత లోకం మీరు ఆడుతున్నప్పుడే కదులుతుంది. ఆట మూసేస్తే బేస్ కూడా ఆగుతుంది, కాబట్టి రాత్రంతా పని జరిగి పొద్దున్నే సరుకు కనిపిస్తుందని అనుకోవద్దు. మాదైతే ఇలా నడుస్తుంది. నేను లోకం తెరిచి, బేస్‌లో ఏం తయారు కావాలో పురమాయించి, భోజనం చేసి వస్తాను. కాపలాకి మావాడు ఉంటాడు. మీరు ఒక్కరే అయితే లోకం సెట్టింగ్స్‌లో బేస్ మీద దాడులు ఆపేయండి. పాల్స్ ఆకలి వేగం తగ్గించండి, గుడ్లు పొదిగే సమయం కుదించండి, చనిపోతే సామాను పోకుండా పెట్టుకోండి. ఇవన్నీ ఆటలోనే ఇచ్చిన వెసులుబాట్లు. అలా ఆడితే అసలు మజా ఉండదని ఇంటర్నెట్‌లో కొందరు అంటారు. వాళ్ళు సాయంత్రం ఆరింటికి బయోడైవర్సిటీ జంక్షన్ ట్రాఫిక్ దాటి ఇంటికి రావాల్సినవాళ్ళు కాదు, పట్టించుకోకండి.

ఇన్వైట్ కోడ్‌తో నలుగురు కలిసి ఆడొచ్చు, కానీ లోకం ఎవరిదో వాళ్ళు ఉంటేనే మిగతావాళ్ళకి తలుపు తెరుచుకుంటుంది. ఎవరూ లేకపోయినా నడవాలంటే డెడికేటెడ్ సర్వర్ కావాలి. అందులో 32 మంది దాకా పడతారు. ఇద్దరి కోసం అంత అవసరం లేదని నా అభిప్రాయం. మీ తమ్ముడిది ఎక్స్‌బాక్స్, మీది స్టీమ్ అయినా ఇబ్బంది లేదు, 2025 మార్చి అప్‌డేట్ నుంచి క్రాస్‌ప్లే ఉంది. అంతకుముందు మేమిద్దరం వేరువేరు లోకాల్లో ఆడుతూ ఫోన్‌లో గొప్పలు చెప్పుకునేవాళ్ళం.

లాప్‌టాప్ గురించి రెండు ముక్కలు. ఈ ఆటకి చెప్పిన కనీస ర్యామ్ 16 జీబీ, కాబట్టి 8 జీబీతో తడబడడం సహజం. బేస్ పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువవుతుంది. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి లాప్‌టాప్ తీసుకెళ్ళి ఖాళీ స్లాట్ ఉందేమో చూపించండి, ఉంటే ఒక స్టిక్ వేయించుకుంటే పని అయిపోతుంది. ఆట హార్డ్ డిస్క్‌లో ఉంటే ఎస్ఎస్‌డీలోకి మార్చండి, సుమారు 40 జీబీ చోటు కావాలి. వేసవి గాలివానకి కరెంటు పోతే లాప్‌టాప్ బతికే ఉంటుంది కానీ వైఫై రూటర్ పోతుంది, అవతలివాడు ఆటలోంచి బయటపడతాడు. రూటర్‌కి చిన్న యూపీఎస్ పెట్టాక మా ఇద్దరికీ ఆ టెన్షన్ పోయింది.

వీడియోలు చూసి నేర్చుకుంటున్నానన్నారు, తేదీ చూసి మరీ చూడండి. 2024 జనవరి 19న ఎర్లీ యాక్సెస్‌లో (ఆట పూర్తికాకముందే అమ్మకానికి పెట్టే పద్ధతిలో) వచ్చినప్పుడు స్టీమ్‌లో ఒకేసారి 20 లక్షల మందికి పైగా ఆడారు. అందుకే గైడ్ వీడియోల్లో చాలావరకు అప్పటివే. ఆ తర్వాత ఆట మారింది. కొత్త దీవులు, కొత్త పాల్స్ రావడం ఒకటైతే, కోర్టు కేసు ఇంకోటి. 2024 సెప్టెంబరులో నింటెండో, పోకేమాన్ కంపెనీ కలిసి ఈ ఆట చేసిన పాకెట్‌పెయిర్ మీద టోక్యో జిల్లా కోర్టులో పేటెంట్ దావా వేశాయి. బొమ్మల పోలిక మీద వేసిన కేసు కాదు అది, ఆడే పద్ధతుల పేటెంట్ల మీద. ఆ నవంబరులో స్పియర్ విసిరి పాల్‌ని బయటికి రప్పించే పద్ధతి తీసేశారు, ఇప్పుడు అది నేరుగా మీ పక్కన ప్రత్యక్షమవుతుంది. 2025 మేలో గాల్లో తేలడం కూడా మార్చారు. ముందు పాల్‌ని పట్టుకుని తేలేవాళ్ళం, ఇప్పుడు గ్లైడర్ ఉండాల్సిందే. వీడియోలో ఉన్నట్టు మీకు జరగట్లేదంటే మీ చేతిలో లోపం కాకపోవచ్చు.

ఎగిరే సవారీ మాత్రం ఉంది. లెవల్ 15కి నైట్‌వింగ్ అనే ఎగిరే పాల్ జీను వస్తుంది, అక్కడిదాకా ఓపిక పట్టండి. ఆ తర్వాత మీ గంటలో తిరిగే దూరం ఎన్నో రెట్లు పెరుగుతుంది.

మీ తమ్ముడి విషయం. బొమ్మలు చూస్తే చిన్నపిల్లల ఆటలా ఉంటుంది, కాదు. తుపాకులు ఉంటాయి, మనుషుల్ని కాల్చే ముఠాలు ఉంటాయి, పట్టిన పాల్‌ని కత్తితో కోసి మాంసం చేసే పద్ధతి కూడా ఉంది. రక్తం చూపించరు, ఆ దృశ్యాన్ని మసకచేస్తారు, కానీ ఏం జరుగుతోందో తెలుస్తూనే ఉంటుంది. తొమ్మిదో తరగతి వాడికి ఇది చూడకూడనిదని నేను అనను. ఇంట్లో ఇంకా చిన్నవాళ్ళుంటే మాత్రం హాల్లో టీవీకి కలిపి ఆడొద్దు. మా అక్క ఒక్కసారి ఆ కత్తి సంగతి చూసి "ఇదేం ఆటరా" అని మా ఇద్దరినీ వాయించింది. వాడికి బేస్ అప్పగించి మీరు బయట తిరగండి, లేదా మీరు బేస్ చూసుకుంటూ వాడిని వేటకి పంపండి. ఇద్దరూ ఒకే పని మీద పడితే గొడవలే, ముఖ్యంగా పెట్టెలోని కడ్డీలు ఎవరు వాడేశారన్న దగ్గర.