దుబాయి వెళ్తున్న మేనల్లుడికి

చిరంజీవి మహేశ్‌కు మామయ్య ఆశీస్సులు.

నీకు దుబాయిలో ఎలక్ట్రీషియన్ పని దొరికిందని మీ అమ్మ ఫోనులో చెబుతుంటే సంతోషంతో నోట మాట రాలేదు. ఆ వెంటనే, "1:10కి ఎక్కితే 3:40కి దిగుతాడట, రెండున్నర గంటలేనట" అంది. నాకు దడ పుట్టింది. టికెట్ చదవడం రాకుండా ప్రయాణం కడుతున్నావురా!

శంషాబాద్ నుంచి దుబాయికి ఆకాశమార్గంలో సుమారు 2,550 కిలోమీటర్లు, దాదాపు నాలుగు గంటల ప్రయాణం. ఎక్కే వేళ మన గడియారం ప్రకారం, దిగే వేళ వాళ్ళ గడియారం ప్రకారం వేస్తారు. వాళ్ళు మనకంటే గంటన్నర వెనక. తిరిగి వచ్చేటప్పుడు టికెట్ మీద ఐదు గంటలు కనిపిస్తుంది, కూర్చునేది మాత్రం మూడున్నర గంటలే. పైన పడమటి గాలి వెళ్ళేటప్పుడు ఎదురొస్తుంది, వచ్చేటప్పుడు వెనక నుంచి తోస్తుంది. చలికాలంలో ఆ తేడా ఇంకా తెలుస్తుంది.

ఇక అసలు సంగతి. దుబాయి విమానం బేగంపేటలో ఎక్కే రోజుల్లో, అక్కడ దుబాయిలో నా గదిలో ఉండే ఒకతను చెల్లెలి పెళ్ళికి సెలవు మీద ఇంటికి వచ్చాడు. తండ్రికి జబ్బు చేయడంతో ఆగిపోయాడు. ఆరు నెలలు దాటి బయట ఉంటే దుబాయి వీసా చెల్లదు. గడువు అంచుకు వచ్చాక కొన్న టికెట్ మీద 20వ తేదీ, 00:50 అని ఉంది. 20న పూజ చేయించుకుని, సాయంత్రం ఇంటిల్లిపాదీ జీపులో బయలుదేరారు. అట్టపెట్టెకు నైలాన్ తాడు కట్టి, నల్ల రంగుతో పేరు కూడా రాసుకున్నాడు. కౌంటరులో అమ్మాయి టికెట్ చూసి, "ఇది నిన్న రాత్రే వెళ్ళిపోయిందండీ" అంది. వెనక్కి తిరిగి చూస్తే అద్దాల అవతల తల్లి ఇంకా చెయ్యి ఊపుతూనే ఉందట. అక్కడ నేను అతని వాటా అన్నం కూడా వండి ఎదురుచూస్తున్నాను. వీసా పోయింది, కంపెనీ వేరొకరిని పెట్టుకుంది. మళ్ళీ ఏజెంటుకు కట్టడానికి పొలం తాకట్టు పెట్టారు. చదువు రానివాడేం కాదు, లెక్కల్లో దిట్ట. 19 రాత్రి పన్నెండు కొట్టగానే 20 వచ్చేస్తుందని ఆ ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు.

నీ టికెట్ మీద 12వ తేదీ, 01:10 అని ఉంది. అంటే నువ్వు 11 మధ్యాహ్నమే జగిత్యాలలో బస్సు ఎక్కాలి. సముద్రం దాటడానికి పట్టే సమయం కంటే శంషాబాద్ చేరడానికి పట్టే సమయమే ఎక్కువ. జూబ్లీ బస్ స్టేషన్‌లో దిగి పుష్పక్ బస్సు ఎక్కు. రాత్రి పదికల్లా లోపల ఉండాలి.

పాస్‌పోర్టు, వీసా కాగితం చేతి సంచిలోనే పెట్టుకో. పచ్చడి పెద్ద పెట్టెలో వెయ్యి. గసగసాలు మాత్రం వద్దు, మీ అమ్మ మసాలా పొడిలో కలిపినవి కూడా వద్దు. అక్కడ అవి నిషేధం, దొరికితే కేసు పెడతారు. అలుగుతుంది, అలగనీ.

నువ్వు ఎవరినీ ఏదీ అడగవు. కొండగట్టు జాతరలో తప్పిపోయి, నోరు విప్పకుండా కొబ్బరికాయల దుకాణం ముందే నిలబడ్డావు. నీ కోసం మెట్లన్నీ ఎక్కి దిగాను నాన్నా. విమానాశ్రయంలో అలా నిలబడకు. గేటు తెలియకపోతే యూనిఫాం వేసుకున్న ఎవరినైనా అడుగు.

సామాను తీసుకుని నువ్వు బయటికి వచ్చేసరికి ఇక్కడ ఆరు దాటవచ్చు. అంతవరకు మీ అమ్మకు నేను నచ్చజెబుతాను. టికెట్ ఫోటో ఈ రోజే పంపు, తేదీ నేనూ ఒకసారి చూస్తాను.

మామయ్య