గో ఎక్కడ, వెంట్ ఎక్కడ?

ప్రశ్న: మాస్టారూ, మా ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా. ఆరో తరగతి చదివే మా అమ్మాయి ‘ఐ డిడ్ నాట్ వెంట్’ అని రాస్తే తప్పన్నారు. గోకి భూతకాలం వెంట్ అని బట్టీ పట్టించిందీ బడిలోనే. అసలు గోలో లేని అక్షరాలు వెంట్‌లోకి ఎలా వచ్చాయి? ఏది ఎప్పుడు వాడాలి?
– ఓ తల్లి, గుణుపురం

జవాబు: అమ్మా, వెంట్ పుట్టింది గో నుంచి కాదు. పాత ఇంగ్లీషులో ‘వెండ్’ అనే వేరే క్రియ ఉండేది. మళ్ళడం, దారి పట్టి పోవడం అని అర్థం. సెండ్‌కి సెంట్, బెండ్‌కి బెంట్ అయినట్టే వెండ్‌కి వెంట్. గోకి అప్పట్లో ఉన్న భూతకాల రూపం క్రమంగా వాడుకలోంచి పోయింది. 15వ శతాబ్దం నాటికి ఆ చోట వెంట్ స్థిరపడింది. వెండ్‌కి తర్వాత వెండెడ్ అని కొత్త రూపం కట్టుకున్నారు.

మీ వీధిలో వినబడేదీ ఇదే కదా! వెళ్తున్నానంటే ‘ముఁ జాఉఛి’, వెళ్ళానంటే ‘ముఁ గలి’. ‘జా’కీ ‘గ’కీ ఏమిటి సంబంధం? సంస్కృతంలో ‘యా’ ఒక ధాతువు, ‘గమ్’ మరొకటి. మీ అమ్మాయి సంతలో ఎవరూ నేర్పకుండానే ఈ రెండూ సరిగ్గా అనేస్తుంది. ఆ మాట తనకి చెప్పండి, సగం టెన్షన్ పోతుంది.

ఇక ‘డిడ్ నాట్ వెంట్’. మనం ‘వచ్చాడు’ అంటాం, రాకపోతే ‘రాలేదు’ అంటాం. ‘వచ్చాడు లేదు’ అని పసిపిల్లలు కూడా అనరు. జరిగిపోయిన కాలాన్ని ‘లేదు’ చెప్పేస్తోంది, కనక ముందున్న క్రియకి ఆ పని లేదు. ఇంగ్లీషులో ఆ పని డిడ్ చేస్తుంది. అందుకే ‘ఐ వెంట్’, కానీ ‘ఐ డిడ్ నాట్ గో’. ప్రశ్నలోనూ అంతే: ‘డిడ్ యూ గో?’

హ్యావ్, హ్యాజ్, హ్యాడ్ పక్కన మాత్రం గోకి మూడో రూపమైన గాన్ రావాలి. ‘ఫాదర్ హ్యాజ్ గాన్ టు బరంపురం’ అంటే ఆయన ఇంకా ఇంటికి రాలేదు. వెళ్ళి వచ్చేసి ఉంటే ‘హ్యాజ్ బీన్ టు బరంపురం’. నిన్న, మొన్న అని ఎప్పుడో చెప్పారా, వెంట్ ఒక్కటే: ‘ఫాదర్ వెంట్ టు బరంపురం యెస్టర్‌డే’. ‘హ్యాజ్ గాన్ యెస్టర్‌డే’ మా పర్లాకిమిడిలో చదువుకున్నవాళ్ళ నోటా వింటుంటాను. అది పోవాలని నా తాపత్రయం.

వెంట్ అంటే ప్రతిసారీ ‘వెళ్ళింది’ అనుకోకూడదు. ‘ద మిల్క్ వెంట్ బ్యాడ్’ అంటే పాలు పాడయ్యాయి. ‘ద ఎగ్జామ్ వెంట్ వెల్’ అంటే పరీక్ష బాగా జరిగింది.

గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడి బడిలోనే పాఠాలు చెప్పారు. సవర భాషను సవరల నోట విని నేర్చుకున్నారు. అలాగే బట్టీ పట్టించే గో-వెంట్-గాన్ పట్టిక పక్కన పెట్టి, అన్నాల దగ్గర మీరే అడగండి: ‘వేర్ డిడ్ యూ గో టుడే?’ తను ‘ఐ వెంట్ టు స్కూల్’ అనాలి. ‘దెన్?’ అంటే ‘ఐ వెంట్ హోమ్’. హోమ్ ముందు టు పెట్టనివ్వకండి.