పైపు తొడిగితే నట్టు ఎందుకు వదిలింది?

ప్రశ్న: మొన్న ఉప్పల్ దగ్గర మా కారు టైరు పంక్చర్ అయ్యింది. స్టెప్నీ మారుద్దామని నట్టుకు పానా పెట్టి, దాని మీద ఎక్కి నిలబడ్డాను. నా బరువు 55 కిలోలు. నట్టు కదలనే లేదు. పంక్చర్ షాపతను వచ్చి పానాకు ఇనుప పైపు తొడిగి, చేత్తోనే నొక్కి వదులు చేసేశాడు. ఇంటర్ చదివే మా అబ్బాయి, 'అది టార్క్ అమ్మా, పైపు వల్ల ఎనర్జీ పెరుగుతుంది, రెండింటికీ యూనిట్ ఒకటే కదా' అంటున్నాడు. నిజమేనా?
- ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: అమ్మా, మీ అబ్బాయి చెప్పినదాంట్లో సగం నిజం. అది టార్కే. కానీ పైపు వల్ల ఎనర్జీ పిసరంత కూడా పెరగలేదు. జూనియర్ కాలేజీలో 31 ఏళ్లు ఫిజిక్స్ చెప్పాను, ఈ పొరపాటు ప్రతి బ్యాచ్‌లోనూ చూశాను. పిల్లల్ని తప్పు పట్టను. విషయం చేతికి తెలియకముందే ఫార్ములా నోటికి వచ్చేస్తోంది, అందుకే ఇలా అవుతోంది.

నాకు చేతికి తెలిసింది కాచిగూడలో మా నాయనమ్మ ఇసుర్రాయి దగ్గర. ఇసుర్రాయి అంటే తిరగలి. పై రాయికి కట్టె పిడి అంచున ఉండేది. ఏడేళ్లప్పుడు ఆమె పక్కకు వెళ్లగానే పిడి వదిలేసి, నడిమి సీల పక్కన చేతులు ఆనించి తిప్పబోయాను. రాయి కదల్లేదు. పిడి పట్టుకుంటే మాత్రం నా చేతికే తిరిగింది. రాయీ అదే, నా బలమూ అదే. సీలకూ చేతికీ మధ్య దూరం ఒక్కటే మారింది. ఒక వస్తువును తిప్పాలంటే ఎంత బలం పెట్టామన్నదే కాదు, ఇరుసుకు ఎంత దూరాన పెట్టామన్నదీ కావాలి. ఈ రెండింటినీ గుణిస్తే వచ్చేదే టార్క్.

ఇప్పుడు మీ నట్టు సంగతి. 55 కిలోల బరువంటే సుమారు 540 న్యూటన్ల బలం. పానా పొడవు 25 సెంటీమీటర్లు అనుకుంటే టార్క్ 135 న్యూటన్ మీటర్లు. కానీ పానా నేలకు సమాంతరంగా ఉంటేనే ఈ లెక్క. మీరు దాన్ని ఏ వాలులో పెట్టి ఎక్కారో రాయలేదు. మీ బరువు నిట్టనిలువుగా కిందికే లాగుతుంది. కాబట్టి లెక్కలోకి వచ్చేది నట్టుకూ ఆ నిలువు గీతకూ మధ్య ఉన్న లంబ దూరం. పానా 60 డిగ్రీల వాలులో ఉంటే ఆ దూరం సగమైపోతుంది, టార్క్ కూడా 67 దగ్గర ఆగిపోతుంది. షాపతని పైపుతో పొడవు 75 సెంటీమీటర్లు అయ్యిందనుకోండి. అతను 300 న్యూటన్లు, అంటే 30 కిలోల బరువంత నొక్కినా 225 వస్తుంది. బిగుసుకుపోయిన నట్టు అక్కడ లొంగింది.

మరి ఎనర్జీ? నట్టు 30 డిగ్రీలు తిరిగిందనుకుందాం. పైపు చివర అతని చెయ్యి 39 సెంటీమీటర్లు నడిచింది. దాన్ని 300 న్యూటన్లతో గుణిస్తే వచ్చేదే పని, అంటే ఖర్చైన ఎనర్జీ: సుమారు 118 జౌళ్లు (ఒక జౌల్ అంటే ఒక న్యూటన్ మీటరే). అదే నట్టును ఉత్త పానాతో తిప్పాలంటే 900 న్యూటన్లు కావాలి, చెయ్యి నడిచేది 13 సెంటీమీటర్లే. గుణించి చూడండి, మళ్లీ 118 జౌళ్లే! బలం తగ్గినంత మేర దూరం పెరిగింది. మీరు పానా మీద నిలబడ్డప్పుడు టార్క్ ఉంది, కానీ నట్టు తిరగలేదు కాబట్టి దాని మీద జరిగిన పని సున్నా. టార్క్‌ను తిరిగిన కోణంతో గుణిస్తేనే పని వస్తుంది. యూనిట్లు ఒకటిగా కనిపించినా టార్క్‌ను జౌళ్లలో చెప్పకపోవడానికి కారణం ఇదే. మీ అబ్బాయికి ఈ మాట తప్పకుండా చెప్పండి.

ఇంకో రెండు మాటలు. జాకీ ఎత్తకముందే, టైరు నేల మీద ఉండగానే నట్లు కొద్దిగా వదులు చేసుకోవాలి. గాల్లో ఉంటే నట్టుతో పాటు చక్రమూ తిరుగుతుంది. బిగించేటప్పుడు మాత్రం పైపు వాడొద్దు, బోల్టు తెగే ప్రమాదం ఉంది.

ప్రశ్న: కోఠిలో చెరకు రసం బండికి మోటారు ఉన్నా పెద్ద చక్రం తీసేయలేదు. ఎందుకు?
- ఒక విద్యార్థి, మలక్‌పేట

జవాబు: మంచి చూపు బాబూ. మోటారు వేగంగా తిరుగుతుంది కానీ దాని టార్క్ తక్కువ. చిన్న పుల్లీ నుంచి దానికి ఎనిమిది రెట్లున్న చక్రానికి బెల్టు వేస్తే వేగం ఎనిమిదో వంతుకు పడిపోతుంది, రాపిడి నష్టం పోను టార్క్ సుమారు ఎనిమిది రెట్లవుతుంది. పైగా ఆ చక్రం బరువంతా అంచునే ఉంటుంది, అందువల్ల జడత్వ భ్రామకం, అంటే తిరిగే వేగం మారకుండా అడ్డుకునే గుణం, ఎక్కువ. లావుపాటి గణుపు అడ్డొచ్చినా తిరిగే చక్రం అంత తొందరగా ఆగదు. ఈసారి వెళ్లినప్పుడు మోటారు ఆపేశాక చక్రం ఎన్ని చుట్లు తిరుగుతుందో లెక్కపెట్టి రాయి.