సాలెపురుగు విషం మీద రీసెర్చ్ చేస్తానంటోంది, ఏం చేయాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం బైపీసీ చదువుతోంది. డాక్టర్ అవుతుందని ఆశపడ్డాం. ఇప్పుడేమో నీట్ వద్దు, సాలెపురుగుల విషం మీద రీసెర్చ్ చేస్తానంటోంది. ఇంట్లో అందరికీ టెన్షన్. అసలు అదో చదువేనా? ప్రాణానికి ప్రమాదం కాదా? దాంతో బతకగలదా?
– ఒక తండ్రి, నంద్యాల

జవాబు: చదువే సర్, నిఖార్సయిన చదువు. ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్ నగరంలోని క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీలో గ్లెన్ కింగ్ బృందం ఏళ్ల తరబడి చేస్తున్నది ఇదే పని. అక్కడి ఫన్నెల్-వెబ్ జాతి సాలీడు విషంలో హెచ్ఐ1ఏ అనే చిన్న ప్రోటీన్‌ని పట్టుకున్నారు. పక్షవాతం వచ్చినప్పుడు మెదడులో కొంత భాగానికి రక్తం అందదు. అక్కడ ఆమ్లం పెరుగుతుంది. ఆ ఆమ్లం తగలగానే కణాల మీద కొన్ని ద్వారాలు తెరుచుకుని, కణాలు చచ్చిపోతాయి. హెచ్ఐ1ఏ ఆ ద్వారాలను మూసేస్తుంది. పక్షవాతం వచ్చిన 8 గంటల తర్వాత ఇచ్చినా ఎలుకల మెదడుకు నష్టం తగ్గిందని 2017లో ప్రచురించారు. ఎలుకల్లో పనిచేసినంత మాత్రాన మందుల షాపులోకి వచ్చినట్టు కాదు, ఇంకా రాలేదు కూడా. అయినా మన ఊళ్లలో పక్షవాతం వచ్చిన మనిషిని పెద్దాసుపత్రికి చేర్చేసరికి ఎన్ని గంటలు గడిచిపోతాయో మీకు తెలియనిది కాదు. ఈ పని ఎందుకు చేయాలో మీ అమ్మాయికి అర్థమైందనే నాకనిపిస్తోంది.

ఇక ప్రమాదం సంగతి. సాలీడు నుంచి విషం తీయడం చూస్తే భయం వేస్తుంది, నిజమే. కాస్త కదిలించగానే ఫన్నెల్-వెబ్ ముందు కాళ్లెత్తి నిలబడుతుంది, కోరల కొసన చిన్న చుక్క మెరుస్తుంది. దాన్ని సన్నటి గాజు గొట్టంతో పీలుస్తారు. కానీ ఆ పని చేసేది శిక్షణ ఉన్న కొద్దిమందే. అక్కడ 1981లో విరుగుడు వాడకంలోకి వచ్చాక ఈ సాలీడు కాటుతో చనిపోయినవాళ్లు లేరు. మిగతా రీసెర్చ్ అంతా ల్యాబ్ బల్ల మీదే. కావలసిన జన్యువును బాక్టీరియాలో పెట్టి, ఆ ప్రోటీన్‌ని దానిచేతే తయారు చేయిస్తారు. రోజులో ఎక్కువ భాగం కెమిస్ట్రీతోనూ కంప్యూటర్‌తోనూ గడిచిపోతుంది. కాబట్టి అమ్మాయిని అడగాల్సింది సాలీడంటే భయమా అని కాదు, కెమిస్ట్రీ ఇష్టమా అని. పుస్తకంలో ప్రోటీన్ల పాఠం మళ్లీ మళ్లీ చదవాలనిపిస్తోందా? విసుగొస్తోందంటే మాత్రం కొంచెం ఆగి ఆలోచించండి.

దారి చెబుతాను. మీకు దగ్గర్లోనే తిరుపతిలో ఐసర్ అనే కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యాసంస్థ ఉంది, అక్కడ డిగ్రీ, పీజీ కలిసిన అయిదేళ్ల బీఎస్-ఎంఎస్ కోర్సు. ఐఏటీ అనే పరీక్ష రాయాలి. 60 ప్రశ్నల్లో 15 లెక్కలవి, బైపీసీ పిల్లలు తడబడేది అక్కడే. సీటు రాకపోతే కెమిస్ట్రీ ఉన్న మంచి బీఎస్సీ, తర్వాత ఎంఎస్సీ చేయొచ్చు. ఒక్క సీటు కోసం లాంగ్ టర్మ్ పేరుతో ఏడాది పోగొట్టకండి. ఆపైన సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్ష, పీహెచ్‌డీ. విషాల మీద పనిచేసే ల్యాబ్ బెంగళూరు ఐఐఎస్‌సీలోనే ఉంది.

డబ్బు విషయం దాచను. ఆ నెట్‌లో జేఆర్ఎఫ్ అనే రీసెర్చ్ ఫెలోషిప్ వస్తే నెలకు 37,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం వేరు. పీహెచ్‌డీకి అయిదేళ్లు పట్టొచ్చు, ఆ తర్వాత కొన్నేళ్లు విదేశాల్లో పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ తర్వాతి తాత్కాలిక రీసెర్చ్ కొలువు కూడా చేయాల్సి రావచ్చు. స్థిరమైన ఉద్యోగం వచ్చేసరికి ముప్పై దాటుతుంది. పాతికకే పెళ్లి చేయాలన్న ఆలోచన మీకుంటే ఆ మాట ఆమెతో ఇప్పుడే మాట్లాడండి. మధ్యలో ఆపించడం ఆమెకు చాలా అన్యాయం.

ఇంకొకటి. మన రాయలసీమలోని గుత్తి ఊరి పేరుతోనే ఒక నీలి సాలీడు ఉంది. 1899లో శాస్త్రజ్ఞులు దానికి పేరు పెట్టారు. చాలా కాలం తర్వాత అది మళ్లీ కనిపించింది మీ నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలోనే. అంతరించిపోయే స్థితిలో ఉన్న జీవి కనుక పట్టుకోవడం వద్దు, అడవి ఎలా ఉంటుందో మాత్రం చూపించి తీసుకురండి. వచ్చాక లెక్కల మాస్టారిని మాట్లాడండి.