సంగీతం చుట్టూ తిరిగే పాత క్రైమ్ థ్రిల్లర్, ఎక్కువమందికి తెలియనిది ఏదైనా చెప్తారా?

'హ్యాంగోవర్ స్క్వేర్' చూడండి. 1945లో వచ్చిన బ్లాక్ అండ్ వైట్ సినిమా, దర్శకుడు జాన్ బ్రామ్. పేరు చూసి తాగుడు కథ అనుకోకండి.

కథాకాలం 1903, ఊరు లండన్. జార్జ్ హార్వీ బోన్ అనే స్వరకర్త ఒక పియానో కన్సర్టో (పియానో ముందుండి, ఆర్కెస్ట్రా తోడుగా వాయించే పెద్ద రచన) రాస్తుంటాడు. చెవిలో కర్కశమైన చప్పుడేదైనా పడితే చాలు, మనిషి మరొకడైపోతాడు. తేరుకున్నాక ఏం చేశాడో అతనికే గుర్తుండదు. హంతకుడెవరో మొదట్లోనే చూపించేస్తారు. ఆ నిజం అతనికెప్పుడు తెలుస్తుంది, ఈలోపు కన్సర్టో పూర్తవుతుందా అన్నదే ఉత్కంఠ.

నేను కీబోర్డు నేర్చుకునే రోజుల్లో చూశాను. వీధిలో గొట్టాలు దడదడమంటూ కిందపడే సీన్ ఒకటుంది. ఆ వెంటనే నేపథ్య సంగీతం అపశ్రుతిలోకి జారిపోతుంది. అతని ముఖంలో మార్పు నా కళ్లకు ఆనేలోపే చెవులకు తెలిసిపోయింది, ఇక ఏదో జరగబోతోందని. సంగీతాన్ని కథలో ఇంతగా కలిపేసిన థ్రిల్లర్ నేను ఇంకోటి చూడలేదు.

నెట్టా అనే మ్యూజిక్ హాల్ (పాటలు, వినోద ప్రదర్శనలు జరిగే హాలు) గాయని (నటి లిండా డార్నెల్) తన పాటల కోసం జార్జ్‌ని వాడుకుంటుంది. ఆమె కోసం తేలికపాటి ట్యూన్లు కడుతూ అతను కన్సర్టోని పక్కన పడేస్తాడు. నాకు హత్యలకన్నా ఇదే ఎక్కువ బాధనిపించింది. గై ఫాక్స్ రాత్రి (నవంబర్ 5న ఇంగ్లండ్‌లో మంటలు వేసి జరుపుకునే పండుగ) భోగిమంట లాంటి పెద్ద మంట దగ్గర జరిగేది మాత్రం చెప్పను, మీరే చూడాలి.

సంగీతం బెర్నార్డ్ హెర్మన్. తర్వాత హిచ్‌కాక్ సినిమా 'సైకో'కి చేసింది ఈయనే. కన్సర్టో అంటే సాధారణంగా ఆర్కెస్ట్రా అంతా కలిసి ఘనంగా ముగిస్తుంది. ఇందులో మాత్రం మిగతా వాయిద్యాలు తప్పుకుని చివరికి పియానో ఒక్కటే మిగులుతుంది. ఎందుకలా రాశాడో క్లైమాక్స్ చూస్తే అర్థమవుతుంది. టీనేజ్‌లో ఈ సినిమా చూసిన అమెరికన్ స్వరకర్త స్టీఫెన్ సోండ్‌హైమ్, 1979 నాటి తన సంగీత నాటకం 'స్వీనీ టాడ్' మీద దీని ప్రభావం ఉందని చెప్పాడు.

జార్జ్‌గా వేసిన లెయర్డ్ క్రీగర్ బరువు తగ్గాలని చాలా కఠినంగా డైటింగ్ చేశాడు. సినిమా విడుదల కాకముందే, 1944 డిసెంబర్‌లో, 31 ఏళ్లకే పోయాడు. అంత భారీ మనిషి కళ్లలో ఆ చిన్నపిల్లాడి భయం చూస్తే, ఇంకెన్ని పాత్రలు చేయాల్సినవాడో అనిపిస్తుంది.

ప్యాట్రిక్ హామిల్టన్ 1941 నవల దీనికి ఆధారమే గానీ, నవలలో కథ 1939లో నడుస్తుంది, హీరో స్వరకర్త కూడా కాదు. కాబట్టి రెండింటినీ పోల్చుకోకుండా చూడండి. గంటంపావు సినిమానే. ఫోన్ స్పీకర్‌లో మాత్రం వద్దు, సగం కథ వినపడకుండా పోతుంది.